మిర్చి బజ్జీల సంగతి

చి॥ పద్మకు అమ్మ దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. ఫోన్ చేస్తే ఎత్తవు, మెసేజీ పెడితే బొమ్మొకటి పంపి ఊరుకుంటావు. అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, తీరిగ్గా చదువు.

వానలు బాగా పడ్డాయి. వెనక గోడ మళ్లీ చెమ్మ పట్టింది. అన్నట్టు, శారద కొడుకు నిన్ను న్యూయార్క్‌లో స్టేజీ మీద చూశాడట. మాత్ అనే కార్యక్రమమట. సంచిలోంచి పేర్లు తీస్తారట, చేతిలో కాగితం లేకుండా అయిదు నిమిషాల్లో నిజంగా జరిగిన సొంత కథ చెప్పాలట, మార్కులేసేది కూడా ఎదురుగా కూర్చున్న జనమేనట. నీకు బాగానే పడ్డాయన్నాడు. సంతోషం. అంత చలిలో స్వెటర్ లేకుండా వచ్చావని కూడా అన్నాడు.

మీ నాన్నగారు వెంటనే ఫోన్లో వెతికి చదివి వినిపించారు. 1997లో జార్జ్ డాస్ గ్రీన్ అనే నవలా రచయిత న్యూయార్క్‌లో తన ఇంటి హాల్లోనే మొదలుపెట్టాడట. అంతకుముందు జార్జియాలో స్నేహితులంతా రాత్రిళ్లు వరండాలో చేరి కథలు చెప్పుకునేవారట. మన మామ్మగారి అరుగే, కాకపోతే టికెట్టు పెట్టారు.

నువ్వేం చెప్పావని నేనడగను. రైలు సంగతేనటగా. నాన్న విజయవాడలో మిర్చి బజ్జీల కోసం దిగితే బండి వెళ్లిపోయిందన్నావట, హాలంతా పగలబడి నవ్విందట.

ఆయన బజ్జీల కోసం దిగలేదే. 1996 నవంబరు తుఫానుకి కొబ్బరి చెట్లు పడిపోయాక, మరుసటి వేసవిలో గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తున్నాం. ఏలూరులో మన పెట్టెలోకే షావుకారుగారు ఎక్కారు. అప్పటికి రెండు వాయిదాలు తప్పి ఉన్నాం. మీ ఎదుట అడుగుతారేమోనని మీ నాన్న "బజ్జీలు తెస్తా" అని దిగి, వెనక పెట్టె ఎక్కబోయారు. ఈలోగా బండి కదిలింది. టికెట్లేమో ఆయన జేబులో. ఖమ్మం దాటాక టీసీ వచ్చి జరిమానా కట్టమన్నాడు. నా పర్సులో చిల్లర తప్ప లేదు, తమ్ముడు ఒకటే ఏడుపు. అప్పుడు షావుకారుగారే లేచి, "మా చెల్లెలండీ, ఆవిణ్ణేమీ అడక్కండి" అని బనీను జేబులోంచి నోట్లు తీసి, వేలు తడి చేసుకుంటూ లెక్కపెట్టి కట్టారు. నీకు బిస్కట్లు కొనిపెట్టిన మామయ్య ఆయనే. బాకీ మాటే ఎత్తలేదు. మీ నాన్న తర్వాతి బండికి సికింద్రాబాదులో దిగారు, చేతిలో చల్లారి మెత్తబడిన బజ్జీల పొట్లంతో. నీ కథలో ఆ పొట్లమొక్కటే నిజం.

ఆయనకి చెప్తే "బజ్జీలే బాగున్నాయి, ఉండనీ" అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

చెప్పొద్దని కాదు. నీ సొంత సంగతులు బోలెడున్నాయి, ఇంటర్‌లో లెక్కలు తప్పింది చెప్పు, మేమూ నవ్వుతాం. ఇంట్లోవాళ్లవి చెప్పేముందు ఓ ఫోన్ కొట్టాలి, పదిమందిలో పెట్టేముందు ఇద్దర్ని అడగాలి... సరే, మళ్లీ క్లాసు పీకుతున్నానంటావు. కానీ గెలిచినవాళ్లని పెద్ద పోటీకి పిలుస్తారట, కొన్ని కథలు రేడియోలో కూడా వేస్తారట. షావుకారుగారి మనవరాలు న్యూజెర్సీలోనే ఉంది. ఎప్పుడైనా మళ్లీ చెప్పాల్సొస్తే ఆయన జరిమానా కట్టింది చెప్పు. వాయిదాల గొడవ మాత్రం వద్దు. అది లేకుండా ఇది ఎలా చెప్తావో నాకు తెలీదు, నువ్వే చూసుకో.

థైరాయిడ్ రిపోర్టు వచ్చిందా? పరగడుపునే రక్తం ఇచ్చావా, కాఫీ తాగి వెళ్లావా? వాట్సాప్‌లో పెట్టు. ఆదివారం చేస్తా, ఎత్తు.

అమ్మ