పిన్ను ఉందో లేదో చూడటానికి వచ్చిన పెద్దాయనకు

రెండు చేతులూ భుజాల దాకా లాగేస్తున్నాయి. గోళ్ల సందుల్లో గ్రీజు ఇంకా వదలలేదు. అయినా ఈ రాత్రికే ఇది రాయాలి. రేపటికి వాయిదా వేస్తే మాటలు చల్లారిపోతాయి.

మా ఇంట్లో 1966 నాటి ఫోర్డ్ మస్టాంగ్ ఉందని మిషిగన్‌లోని తెలుగు మిత్రులకు తెలుసు. దాని పవర్ స్టీరింగ్ తీసేసి మామూలు స్టీరింగ్‌కు మార్చాను. ఉన్న సుఖాన్ని ఎందుకు పోగొట్టుకుంటావని చాలామంది అడిగారు. ఆ కాలపు మస్టాంగ్‌లో పవర్ స్టీరింగ్ అంటే బెల్టుతో తిరిగే పంపు, దాని గొట్టాలు, పిట్‌మన్ ఆర్మ్ (స్టీరింగ్ బాక్సు షాఫ్టుకు తగిలించే చేయి) దగ్గర నూనెను అటూ ఇటూ మళ్లించే ఒక కంట్రోల్ వాల్వు, సెంటర్ లింకును (ముందు చక్రాలు రెంటినీ కలిపి తిప్పే అడ్డకడ్డీని) పక్కకు నెట్టే సిలిండరు. ఇవన్నీ కారు కింద బయటికే ఉంటాయి. మా కారు వాల్వును రెండుసార్లు బాగుచేయించినా నూనె కారడం ఆగలేదు. పైగా స్టీరింగ్ తిప్పుతుంటే కింద రోడ్డు ఉందన్న సంగతే చేతికి తెలిసేది కాదు. నేను విజయవాడలో నాన్నగారి అంబాసిడర్ మీద డ్రైవింగ్ నేర్చుకున్నవాణ్ణి. స్టీరింగ్ బరువంటే నాకు భయం లేదు.

భయపెట్టింది దుకాణాలే. బెల్టు ఊడదీసినంత మాత్రాన ఈ పని అయిపోదు. సెంటర్ లింకు, పిట్‌మన్ ఆర్మ్, ఆ లింకు రెండో కొసను మోసే ఐడ్లర్ ఆర్మ్ మూడూ మార్చాలి. నాకు వచ్చిన పిట్‌మన్ ఆర్మ్ 1⅛ అంగుళాల షాఫ్టుకు చేసినది. నా కారు షాఫ్టు 1 అంగుళం. వెనక్కి పంపితే డబ్బులో కోత పెట్టి, మళ్లీ అదే పంపారు. మరమ్మతు చేయించుకుందామని వెళితే, కంప్యూటరు తగిలించే వీలులేని కారును ముట్టుకోబోమని నాలుగు చోట్ల తిప్పి పంపారు. మస్టాంగ్ పుట్టిన డియర్‌బర్న్‌కు గంట దూరంలో ఉండి ఈ మాట వినాలా? విజయవాడ ఆటోనగర్‌లో ఏ బండినైనా ముందు విప్పి చూస్తారు, ఆ తర్వాతే కుదరదంటారు. ఈ తిరుగుడులోనే ఆరు వారాలు గడిచిపోయాయి.

ఆ తప్పు ఆర్మ్ చేతిలో పట్టుకుని ఒక విడిభాగాల దుకాణంలో వాదిస్తుంటే, నా వెనక నిలబడిన పెద్దాయన దాన్ని తీసుకుని రంధ్రంలో బొటనవేలు పెట్టి చూశారు. "ఇది మీ కారుది కాదు. మీకు కావలసింది మా ఇంట్లో ఉంది" అన్నారు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. పేరు రాయవద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

శుక్రవారం మధ్యాహ్నం పాత తువ్వాలులో చుట్టిన పిట్‌మన్ ఆర్మ్, బిగుసుకున్న భాగాన్ని లాగి ఊడదీసే ఒక పుల్లర్ పట్టుకుని మా గరాజుకు వచ్చారు. ముందుగా పాత ఆర్మ్ ఎక్కడుందో సుద్దముక్కతో గుర్తు పెట్టించారు. తర్వాత పుల్లర్ బిగించి, సుత్తితో పక్కనుంచి ఒక్క దెబ్బ వేసి ఆగారు. మళ్లీ బిగించారు, మళ్లీ ఆగారు. నేను మూడు రోజులు కొట్టినా కదలని ఆర్మ్ అరగంటలో ఊడి ఆయన చేతిలో పడింది. లింకులు కలపకముందే స్టీరింగ్‌ను ఒక కొస నుంచి మరో కొసకు మెల్లగా తిప్పించి, చుట్లు లెక్కపెట్టి, సరిగ్గా సగం దగ్గర ఆపించారు. ఆ నడిమధ్య తప్పితే కారు ఎప్పటికీ తిన్నగా పోదన్నారు. చలి వాన పడుతోంది, సిమెంటు నేల మంచుగడ్డలా ఉంది. ఆయన తెచ్చుకున్న చాపను నా తల కింద పెట్టి, తాను అట్టముక్క మీద పడుకున్నారు. పని ముగిసేసరికి రాత్రి పది దాటింది.

శనివారం పొద్దున ఏడు గంటలకు తలుపు చప్పుడైంది. చూస్తే ఆయనే, చేతిలో టార్చి. ఐడ్లర్ ఆర్మ్ నట్టు జారకుండా అడ్డంగా దూర్చి వంచే కాటర్ పిన్ను తన కళ్లతో చూసిన గుర్తు లేదట. రాత్రంతా నిద్ర పట్టలేదట. 40 మైళ్లు వానలో నడుపుకుంటూ వచ్చి, కారు కిందికి దూరి, వేలితో తడిమి "ఉంది" అన్నారు. అంతే. లేచి బట్టలు దులుపుకుని, మా ఆవిడ ఇచ్చిన కాఫీ నిలబడే తాగి వెళ్లిపోయారు. డబ్బు ఇవ్వబోతే, కారు బయటికి తీశాక ఒకసారి తనను పక్కన కూర్చోబెట్టుకుంటే చాలన్నారు. ఆయన కారు మలుపు తిరిగిపోయాక గరాజులో కూర్చుని ఏడ్చాను. నాన్నగారు పోయిన తర్వాత నేను క్షేమంగా ఉన్నానా లేదా అని రాత్రంతా మేలుకున్న పెద్దవాళ్లు నాకు ఎవరూ లేరు.

ఆయనకు ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. కానీ నా కృతజ్ఞత నా భాషలో చెప్పుకోకపోతే మనసు ఊరుకోలేదు.

స్టీరింగ్ బాక్సు పాతదే ఉంచాము, 16:1ది, అంటే స్టీరింగ్ 16 డిగ్రీలు తిప్పితే దాని షాఫ్టు ఒక డిగ్రీ తిరుగుతుంది. కారు ఆగి ఉన్నప్పుడు తిప్పడం బరువే. కదిలాక మాత్రం రోడ్డు మీది ప్రతి గతుకూ అరచేతికి తెలుస్తోంది.

ఆరు వారాలు ఓపిక పట్టిన మా ఆవిడకు, పిల్లలకు ధన్యవాదాలు.

అన్నట్టు, నిన్న మధ్యాహ్నం పాత పద్ధతిలో షిమ్ములు (పలుచని రేకుముక్కలు) పెట్టి చక్రాల అలైన్‌మెంట్ సరిచేసిన కుర్రాడిని మరిచిపోయాను. మామూలు స్టీరింగ్ కదా, తిప్పడం తేలికవ్వాలని క్యాస్టర్ (చక్రం మలుపు తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) తగ్గించి పెట్టినందుకు అతనికి ప్రత్యేకంగా ధన్యవాదాలు. పక్కింటి అబ్బాయి రెండు గంటలు దీపం పట్టుకున్నాడు. ఆటోనగర్ నుంచి అర్ధరాత్రి వీడియోలో నట్లు చూసి చెప్పిన మామయ్యా, నీకూ. జాకీ స్టాండ్లు ఇచ్చిన ఎదురింటివారూ, అవి రేపు తెచ్చి ఇస్తాను.