స్ప్రూసా, ఫరా? ముందు అది తేల్చుకోండి

నిన్న మీ బోన్సాయ్ (కుండీలో చిన్నగా పెంచే చెట్టు) ఫోటో పెట్టి ఇదేం మొక్క అని అడిగారు కదా, స్ప్రూస్, ఫర్ రెండూ సూదుల్లాంటి ఆకులుండే చలిప్రాంతపు చెట్లే, నాకైతే ఇది స్ప్రూస్ లాగే ఉంది కానీ ఫోటో చూసి ఒట్టేసి చెప్పలేనండీ, ఒక ఆకు తెంపి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించి చూడండి. నాలుగు పలకలుగా ఉండి సులువుగా దొర్లితే స్ప్రూస్, చదునుగా ఉండి దొర్లకపోతే ఫర్ అయ్యే అవకాశం ఎక్కువ. స్ప్రూస్ అయితే ఆకులు రాలిన పాత కొమ్మ మీద వేలితో రాస్తే చిన్న చిన్న మొనలు ఆకురాయిలా గరగర తగులుతాయి, నన్నడిగితే అసలు గుర్తు అదే. ఆకులు రెండు మూడు కలిసి ఒకేచోట గుత్తిగా వస్తే అది పైన్ అనే మరో రకం చెట్టు.

ఇక పెంపకం. తెచ్చిన రోజే కొమ్మలు వంచడానికి వైరు చుట్టేసి, కొమ్మలు కత్తిరించి, కుండీ కూడా మార్చేయాలని చేతులు దురద పెడతాయి, నేనూ అలా చేసే ఒకదాన్ని చంపుకున్నాను. ఏడాదికి ఒక్క పెద్ద పని చాలు. కుండీ మార్చేది వసంతం మొదట్లో, మొగ్గలు ఉబ్బేటప్పుడు, వేళ్ల మట్టి మొత్తం కడిగేయొద్దు. వంచిన కొమ్మ స్ప్రింగులా పైకి లేస్తుంది కాబట్టి వైరు తొందరపడి తీస్తే కథ మళ్లీ మొదటికే, అలాగని బెరడులోకి దిగనివ్వకూడదు, దిగుతుంటే విప్పి పక్కగా మళ్లీ చుట్టాలి. కొమ్మ పొట్టి చేయాలంటే కొంత పచ్చదనం ఉంచి కోయండి, ఆకుల్లేని చోటికి కోస్తే చిగురు రాదు, కొమ్మే ఎండిపోతుంది.

అన్నట్టు, ఇంట్లో పెట్టకండి, దానికి చలికాలం నిద్ర కావాలి. పాత కొమ్మని దగ్గర్నుంచి ఒక ఫోటో తీసి పెట్టండి.