మూలాల గొడవ గురించి

అందరికీ నమస్తే. నిన్నటి నుంచి ఒక వికీపీడియా వ్యాసంలో, ఒక పేరాకి ఏ మూలం (ఆధారంగా చూపే సైట్, వార్త లాంటిది) వాడాలన్న గొడవలో ఇద్దరు ఒకరి మార్పు ఒకరు రివర్ట్ (రద్దు) చేసుకుంటూనే ఉన్నారు, ఇక ఆపండి ప్లీజ్. ఇంగ్లీషు వికీపీడియాలో ఒకే పేజీలో 24 గంటల్లో మూడుకు మించి రివర్ట్ చేస్తే, మీరు చెప్పేది నిజమే అయినా బ్లాక్ పడొచ్చు.

"ఆ సైట్ మంచిది, ఈ సైట్ చెత్త" అని వాదిస్తే ఏమీ తేలదు. ఏ వాక్యానికి ఏ మూలం అన్నది చూడాలి. కంపెనీ సొంత సైట్ దాని స్థాపన సంవత్సరానికి సరిపోతుంది, కానీ అదే సైట్ "మేమే నంబర్ వన్" అంటే సరిపోదు కదా. 2017లో బ్రిటిష్ పత్రిక డైలీ మెయిల్‌ను మూలంగా సాధారణంగా వాడొద్దని ఇంగ్లీషు వికీపీడియా ఎడిటర్లు తేల్చింది కూడా రాజకీయాలు నచ్చక కాదు, నిజనిర్ధారణ సరిగ్గా లేదన్న పేరు వల్ల.

అసలు తలనొప్పి ఇంకోటుంది. వికీలో ఎవరో ఆధారం లేకుండా రాసింది ఒక విలేకరి ఎత్తి వార్తలో పెడతాడు, తర్వాత ఆ వార్తనే మనం మూలంగా తెచ్చుకుంటాం! అందుకే వార్త తేదీని పేజీ చరిత్రతో (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే జాబితాతో) పోల్చండి. ఐదు సైట్లలో అవే వాక్యాలుంటే అది ఐదు మూలాలు కాదు, ఒకటే.

బతికున్న మనిషి మీద ఆధారం లేని ఆరోపణ కనిపిస్తే మాత్రం చర్చ కోసం ఆగకుండా తీసేయండి.

ఇప్పటికి ఆ పేరా జోలికి ఎవరూ వెళ్లొద్దు. ఇద్దరూ మీ మూలాలు పేజీ నంబర్లతో సహా చర్చా పేజీలో పెట్టండి, అక్కడ తేలకపోతే సంబంధం లేని ఎడిటర్లను అడుగుదాం.