మా నాన్న పాదం నిలబెట్టిన వాళ్లందరికీ

అందరికీ నమస్కారం. మా నాన్నగారి కుడికాలి పుండు పూర్తిగా మానింది. ఒక వేలు పోయింది గానీ పాదం దక్కింది. మళ్లీ మిరపచేను దాకా నడిచి వెళ్తున్నారు.

మొదటి దండం మా ఊరి ఆశా కార్యకర్తకు. షుగర్ చూడటానికి ఇంటికొచ్చిన ఆవిడ, ఏదో వాసన వస్తోందని నాన్న పాదం ఎత్తి చూశారు. బొటనవేలి కింద సర్కారు తుమ్మ ముల్లు దిగి, లోపలంతా చీము పట్టింది. ఏళ్ల తరబడి షుగర్ ఉండటంతో పాదాల్లో నరాలు మొద్దుబారి నాన్నకు నొప్పే తెలియలేదు. "నొప్పి లేదుగా, తగ్గిపోతుందిలే అమ్మా" అన్నారాయన. ఆవిడ వినలేదు. ఆ పూటే ఆటో ఎక్కించారు.

మొదట చూపించిన చోట మోకాలి కింద దాకా తీసేయాలన్నారు. అమ్మ కుప్పకూలిపోయింది. రెండో చోట సర్జన్ గారు తొందరపడకుండా, కాలికి రక్తం ఎలా అందుతోందో ముందు డాప్లర్ చేయించారు. రక్తప్రసారం బాగానే ఉంది. ఎక్స్‌రేలో ఇన్ఫెక్షన్ వేలి ఎముకకు పాకినట్టు కనిపించడంతో ఆ వేలు, కుళ్లిన కండ మాత్రమే తీశారు. చీములో ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో తెలుసుకోవడానికి కల్చర్ పరీక్షకు పంపి, రిపోర్టును బట్టి యాంటీబయాటిక్ మార్చారు. షుగర్ మాత్రలు ఆపి ఇన్సులిన్ పెట్టారు. డాక్టర్ గారూ, మీ ఓపికకు మా ఇంటిల్లిపాదీ రుణపడి ఉన్నాం.

ఇక డ్రెస్సింగ్ సిస్టర్ గారు. ఆపరేషన్ ఒక్క పూట పని, తర్వాత నెలల కష్టం ఆవిడదే. ఆ వాసనకు మేమే ముఖం తిప్పుకున్న రోజుల్లో కూడా ఆవిడ నవ్వుతూ కట్టు విప్పేవారు. పసుపు, పౌడర్లు చల్లొద్దని, సెలైన్‌తో ఎలా కడగాలో, అంచులు ఎర్రబడితే ఏం చేయాలో అమ్మకు నేర్పారు. నాన్న దొంగతనంగా నాలుగడుగులు వేస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. "కొత్త చర్మం నలిగిపోతుంది పెద్దాయనా, కాలు కింద పెడితే నేను కట్టిన కట్టంతా దండగ" అని కేకలేసేవారు. ఆ కేకలే నాన్నను కాపాడాయి.

పాదం కొలత కాగితం మీద గీసుకుని ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు కుట్టిచ్చిన అన్నకు కూడా థాంక్స్. ఆ మెత్తటి రబ్బరు చెప్పులు మన దేశంలో కుష్ఠు రోగుల కోసం వాడకంలోకి వచ్చినవని ఆయనే చెప్పారు. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ లాంటివాళ్లు స్పర్శ పోయిన పాదాల కోసం పడిన శ్రమ ఇవాళ మా నాన్నదాకా వచ్చింది.

అర్ధరాత్రి వచ్చి రక్తం ఇచ్చి, పేర్లయినా చెప్పకుండా వెళ్లిపోయిన ఇద్దరు తమ్ముళ్లూ, ఇది మీ కంట పడితే ఒక్క మెసేజ్ పెట్టండి. అమ్మ మిమ్మల్ని భోజనానికి పిలవమంటోంది.