వార్షిక నివేదిక: డయాలసిస్ ప్రాథమిక శిక్షణ

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యవర్గానికి, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన సభ్యులందరికీ నమస్కారములు.

సంఘం ఆశయాలు మీరెరిగినవే. కిడ్నీ రోగులకు ప్రయాణ సాయం, బోరునీటి పరీక్షలు ఈ ఏడాదీ యథావిధిగా సాగాయి. ప్రత్యేకంగా చెప్పుకోవలసినది మార్చి రెండవ గురువారం, ప్రపంచ కిడ్నీ దినోత్సవం నాడు, కనిగిరిలో హౌస్ సర్జన్లకు, నర్సింగ్ విద్యార్థినులకు మనం జరిపిన శిక్షణ తరగతి.

పాఠం యంత్రంతో గాక నీటితో మొదలుకావాలని కార్యవర్గం పట్టుబట్టింది. నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలు ప్రవహించే డయాలిసేట్‌కు, అంటే రక్తంలోని మలినాలను లాగే ద్రవానికి, ఒక్కొక్క రోగికి 120 లీటర్లు కావాలి. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకొనే ఫ్లోరైడు డయాలసిస్ నీటిలో 0.2 దాటరాదు. కనిగిరి బోరునీళ్ళు తాగి పెరిగిన మనకు ఆర్.ఓ. ప్లాంటు ఎందుకో వేరే చెప్పనక్కరలేదు గాని, 1993లో చికాగోలో నీటి శుద్ధి విఫలమై, ఫ్లోరైడు రక్తంలో చేరి ముగ్గురు రోగులు మరణించిన ఉదంతం విన్నాకనే విద్యార్థులు కలాలు తీశారు.

ఫిస్టులా, అంటే డయాలసిస్‌కు రక్తం తీసేందుకు చేతిలో ధమనిని సిరతో కలిపే ఏర్పాటు; ఆ పాఠాన్ని మన సభ్యులైన రోగులే చెప్పారు. ఆ కలిపిన చోట వేళ్ళుంచి అదురు గమనించడం, అది ఆగిందంటే ఆలస్యం చేయకుండా వైద్యునికి తెలపడం విద్యార్థులు అక్కడే నేర్చుకున్నారు. ఫిస్టులా ఉన్న చేతికే బీపీ పట్టీ చుట్టబోయిన హౌస్ సర్జన్‌ను "అబ్బయ్యా, ఈ చెయ్యి కాదు, ఆ చేతికి కట్టు" అని ఒక వృద్ధ సభ్యురాలు ఆపడం ఏ ఉపన్యాసానికీ తీసిపోలేదు. 50 కిలోల రోగి 3 కిలోల నీటి బరువుతో వస్తే నాలుగు గంటల్లో తీయవచ్చా అని అడగగా చాలామంది సరేనన్నారు. లెక్క వేస్తే గంటకు, రోగి బరువులో కిలోకు 15 మిల్లీలీటర్లు వచ్చింది. సాధారణ హద్దు 13 గనుక, బీపీ పడిపోకుండా, కండరాలు పట్టేయకుండా సమయం పెంచాలని వైద్యులు వివరించారు.

ఉచితంగా బోధించిన కిడ్నీ వైద్యులకు, టెక్నీషియన్లకు, హాలు ఇచ్చిన యాజమాన్యానికి, భోజనాలు పెట్టిన దాతలకు, ఎండలో వచ్చిన రోగులకు కృతజ్ఞతలు. పేర్లిచ్చిన వాలంటీర్లలో సగం మందైనా రాలేదు; కుర్చీలు మోసింది రోగుల బంధువులే. ఆహ్వానం అందుకొని వస్తామన్న అధికారుల కోసం తరగతిని ఆలస్యం చేయడమే మిగిలింది.

ఆడిట్ అయిన జమాఖర్చుల పట్టిక జతచేయడమైనది. మిగులు స్వల్పం, వివరాలు కోశాధికారి గారు చెప్పగలరు.

వచ్చే ఏడాది ఇదే తరగతిని ఉదయగిరిలో జరపాలని కార్యవర్గం ప్రతిపాదిస్తున్నది. ఈసారి రాగలిగినవారే పేర్లివ్వవలసిందిగా మనవి.

ఇట్లు,
కార్యదర్శి