సముద్రం ముందు, ఆసుపత్రి తర్వాత

నెల్లూరు నుంచి మా బండిలో చెన్నై వెళ్లివస్తున్న అందరికీ నమస్కారం.

ఉదయం వైద్య పరీక్షలు, సాయంత్రం మెరీనా, రాత్రికి ఇల్లు. మూడేళ్లుగా నడిపిన ఈ ఒక్కరోజు యాత్రను ఈ నెలతో ఆపేస్తున్నాను. ఇక నుంచి రెండు రోజుల యాత్రే ఉంటుంది. మనిషికి 1,800 రూపాయలుగా ఉన్న ధర, రాత్రి బసతో కలిపి 3,600 అవుతుంది. రెట్టింపు ఎందుకయిందో మీకు చెప్పుకోవాలి.

మొన్న ఆత్మకూరు వైపు నుంచి డెబ్బై దాటిన ఒక పెద్దమ్మ కోడలిని వెంటబెట్టుకుని వచ్చారు. పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదట. దారి పొడవునా ఆ ముచ్చటే. ఆసుపత్రిలో కంటి పరీక్ష కోసం చుక్కల మందు వేశారు. ఆ మందుకు కంటిపాప విప్పారుతుంది, మామూలు వెలుతురు కూడా కళ్లలో గుచ్చుకుంటుంది, దగ్గరివన్నీ మసకబారతాయి. అది తగ్గడానికి కొన్ని గంటలు పడుతుంది. నేనేమో మూడున్నరకల్లా అందరినీ మెరీనాలో దింపాను. ఇసుక మీద ఎండ తళతళలాడుతోంది. ఆమె పదడుగులు వేసి, కొంగు ముఖం మీదికి లాక్కుని, తల వంచుకుని అక్కడే కూర్చుండిపోయారు. కోడలు తన గొడుగు అడ్డం పెట్టింది. "హోరు వినబడుతోందిలే నాయనా, చాల్లే" అన్నారు పెద్దమ్మ. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలడం లేదు. వైద్యులు చేయాల్సిన పనే చేశారు. ఏ గంటకు ఎక్కడుండాలో రాసిపెట్టింది నేను.

పరగడుపున రక్తం ఇవ్వాల్సినవారి సంగతీ అంతే. నాలుగింటికి బయలుదేరి, దాదాపు 175 కిలోమీటర్లు కూర్చుని, వరుసలో నిలబడి రక్తం ఇచ్చేసరికి పది దాటేది. షుగరు ఉన్నవారిని అంతసేపు ఖాళీ కడుపుతో తిప్పకూడదు.

అందుకే క్రమం తిరగేశాను. మొదటి రోజు ఉదయం పదకొండింటికి అయ్యప్పగుడి దగ్గర బండి ఎక్కితే, చల్లబడే వేళకు మెరీనా చేరతాం. చీకటి పడేదాకా తొందరపెట్టను. రాత్రి ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దూరంలో బస. పొద్దున్నే రక్తం ఇచ్చి, టిఫిను తిని, మిగతా పరీక్షలు చూసుకోవచ్చు. తిరుగు ప్రయాణానికి కిటికీలకు ముదురు తెరలు కట్టించాను.

ఇంకొకటీ దాచలేను. 1,800కే ఎలా గిట్టుబాటవుతోందని కొందరు అడిగేవారు, నేను మాట మార్చేవాడిని. ఒక పరీక్షా కేంద్రం మనిషికింత అని నాకు ముట్టజెప్పేది. అవసరం లేకపోయినా కొందరిని అక్కడికి తీసుకెళ్లాను. క్షమించండి. ఆ సొమ్ము తీసుకోవడం మానేశాను. పెరిగిన ధరలో కొంత భాగం దానికే. ఏ ఆసుపత్రి అన్నది ఇకపై పూర్తిగా మీ ఇష్టం.

ఆసుపత్రి పనేమీ లేక విహారానికే వచ్చేవారికి మహాబలిపురం విడిగా పెట్టాను. 1984లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన పల్లవుల శిల్పాలను అరగంటలో చుట్టేయడం అన్యాయం, అక్కడ ఒక పూటంతా ఉంటాం. చలికాలంలో దొరవారిసత్రం దగ్గర ఆగి నేలపట్టు పక్షుల కేంద్రం కూడా చూద్దాం. నీళ్లలో నిలిచిన కడపచెట్ల మీద గూడబాతులు పిల్లలకు మేత పెట్టే కాలం అది. కేవలం సముద్రపు గాలి చాలనుకుంటే అంత దూరం ఎందుకు? ఊరికి పాతిక కిలోమీటర్లలో మైపాడు ఉంది, సాయంత్రం బస్సులో వెళ్లిరండి.

పాత ధరకు ముందే డబ్బు కట్టినవారు వద్దనుకుంటే మొత్తం తిరిగి ఇస్తాను. వచ్చేవారు పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ, ఒక టోపీ లేదా గొడుగు తెచ్చుకోండి. వచ్చే నెల మొదటి బండిలో ముందు సీట్లు రెండు ఇవ్వలేను. ఆ పెద్దమ్మ, కోడలు వస్తున్నారు.