తుప్పు మీద లప్పం పెట్టమని రాస్తారా?

సంపాదకులు గారికి,

పోయిన నెల మీ ఆదివారం అనుబంధంలో పాత అంబాసిడర్‌ను ఇంట్లోనే కొత్తదానిలా చేసుకోవచ్చంటూ వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. పని తెలిసినవాళ్లు ఎవరో ఒకరు తప్పులు చూపిస్తారని, మీరు సవరణ వేస్తారని ఇన్నాళ్లూ చూశాను. సవరణ రాలేదు. పైగా ఆ వ్యాసాన్ని మెచ్చుకున్న పాఠకుల ఉత్తరాలు మొన్న అచ్చువేశారు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

తుప్పును ఎమిరీ పేపరుతో గీకి, లప్పం పెట్టి, రంగు కొడితే బండి తయారని రాశారు. అంబాసిడర్‌కు లారీకి ఉన్నట్టు విడిగా ఛాసిస్, అంటే బరువు మోసే చట్రం, ఉండదు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి వచ్చిన ఈ కారు ఉత్తరపారాలో 2014 దాకా తయారైంది, మొదటి నుంచీ దాని బాడీయే దాని ఛాసిస్. అడుగు రేకు, తలుపుల కింద పొడుగునా సాగే సిల్ పెట్టెలు, ముందు సీట్ల కింది అడ్డ మెంబర్లు కలిసి బరువంతా మోస్తాయి. ముందు చక్రాలకు స్ప్రింగుల్లా మెలితిరుగుతూ పనిచేసే టార్షన్ బార్ల (ఉక్కు కడ్డీల) వెనక కొసలు కూడా అడుగు భాగానికే బిగించి ఉంటాయి. అక్కడ రేకు తినేసిన బండికి పైన ఎంత మెరుపు పెడితే ఏం లాభం? గుంతలో పడిన రోజు ఆ పట్టు ఊడి ముందు భాగం కూలబడుతుంది.

అందుకే రంగు గురించి ఆలోచించే ముందు బండిని స్టాండ్ల మీద ఎత్తి, కార్పెట్లు, అడుగున అంటించిన తారు షీట్లు తీసేసి, స్క్రూడ్రైవర్ మొనతో కింద నుంచి ప్రతి అంగుళం పొడిచి చూడాలి. దిగబడితే అది రేకు కాదు. పైభాగాల్లో పల్చటి గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని జరుపుతూ పోతే, అంటుకోని ప్రతిచోటా ఇదివరకు ఎవరో పెట్టిన లప్పం ఉన్నట్టే. తలుపుల కింది అంచులు, స్టెప్నీ గుంట, ముందు అద్దం రబ్బరు కింది మూలలు మొదట పోతాయి, ఎందుకంటే నీరు నిలిచేది అక్కడే.

సిల్ కోసేటప్పుడు జరిగే అనర్థం గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. తలుపు స్తంభాల మధ్య ఇనుప పట్టీలు అడ్డంగా బిగించకుండా పాత సిల్ కోసేస్తే బండి నడుము వంగుతుంది. ఆ తర్వాత కొత్త సిల్ ఎంత బాగా అతికించినా తలుపులు జన్మలో సరిగ్గా పడవు. ఒక్కసారికి ఒక్క వైపే కోయాలి, తలుపు పెట్టి సందు చూసుకుంటూ పోవాలి. అడుగుకు 20 గేజ్, సిల్‌కు 18 గేజ్ రేకు వాడాలి. 0.8 మిల్లీమీటర్ల తీగతో సీఓ2 (కరెంటుతో చేసే) వెల్డింగ్ అయితే మేలు, మంటతో చేసే గ్యాస్ వెల్డింగ్ వేడికి పల్చటి రేకు అలలు అలలుగా వంకర్లు పోతుంది. ఒకేచోట గీతలా లాగకుండా అంగుళం మేర ఇక్కడ, అంగుళం అక్కడ వేస్తూ చల్లారనివ్వాలి. ఒకదాని మీద ఒకటి కూర్చునే అంచులకు ముందే జింకు ప్రైమర్ పూయాలి, అతుకులకు సీలర్, ఆపైన ఎపాక్సీ ప్రైమర్, పెట్టె భాగాల లోపల మైనం పిచికారీ చేయాలి. ఇదంతా అయ్యాకే లప్పం, అదీ రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండా. లప్పం నీటిని పీలుస్తుంది. నీళ్లు పోసి రుద్ది, పూర్తిగా ఆరకముందే రంగు కొడితే మన కోస్తా తేమకు ఒక్క వానాకాలంలోనే బొబ్బలు లేస్తాయి. రెండు డబ్బాలు కలిపి కొట్టే 2కే రంగుల్లో ఐసోసయనేట్లనే విష రసాయనాలు ఉంటాయి. బయటి నుంచి గాలి అందించే మాస్కు లేకుండా కార్ షెడ్డులో తలుపులు మూసుకుని కొడితే ఊపిరితిత్తులు పోతాయి. మీ ఫొటోలో కుర్రాడు మూతికి చేతిరుమాలు కట్టుకుని స్ప్రే చేస్తున్నాడు!

అన్నిటికన్నా ఘోరం, పెట్రోలు ట్యాంకుకు చిల్లు పడితే 'కడిగి వెల్డింగ్ చేయించండి' అన్న వాక్యం. కడిగిన ట్యాంకులోనూ అతుకుల సందుల్లో ఆవిరి మిగులుతుంది, నిప్పు తగిలితే పేలుతుంది. ఇంటి దగ్గర పనిచేసుకునేవాళ్లు ట్యాంకుకు మంట చూపించనే కూడదు, మార్చుకోవాలి. అడుగున వెల్డింగ్ చేసేటప్పుడు కూడా ట్యాంకు విప్పి దూరంగా పెట్టాలి, బ్యాటరీ తీగలు తీసేయాలి.

ఇంజిన్ విషయమూ అంతే. ఏళ్ల తరబడి ఆగిన బండిని నలుగురితో తోయించి స్టార్ట్ చేయమన్నారు. రింగులు సిలిండర్‌కు పట్టేసి ఉన్నప్పుడు తోస్తే సిలిండర్ లోపలి గోడ గీసుకుపోతుంది. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో రెండు మూడు చెంచాల ఇంజినాయిల్ పోసి, రాత్రంతా వదిలి, చేత్తో నెమ్మదిగా తిప్పి చూడాలి. 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్‌కు టాపెట్ సందు (వాల్వుకు, దాన్ని నొక్కే మీటకు మధ్య ఖాళీ) 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు 15), అంటే 0.38 మిల్లీమీటర్లు. టక్ టక్ శబ్దం వస్తోందని దాన్ని బిగించేస్తే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. 2000 ఫిబ్రవరి నుంచి దేశంలో సీసం కలిపిన పెట్రోలు లేదు, వాల్వులు కూర్చునే సీట్లను అరగకుండా కాపాడింది ఆ సీసమే, కాబట్టి ఇంజిన్ పైభాగమైన హెడ్ దించినప్పుడే పొగ వెళ్లే ఎగ్జాస్ట్ వైపు గట్టి సీట్లు వేయించుకోవాలి. లేకపోతే పాత సీట్లు అరిగి వాల్వులు లోపలికి దిగుతాయి, సందు దానంతటదే తగ్గుతూ పోవడం దానికి గుర్తు. బ్రేకుల్లోని రబ్బరు కప్పులను కిరసనాయిల్‌తో గానీ పెట్రోలుతో గానీ కడగకూడదు, రబ్బరు ఉబ్బి బ్రేకులు పట్టేస్తాయి. బ్రేకు ఆయిల్‌తోనే కడగాలి.

ఇక అధికారుల సంగతి. బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది పాత రబ్బరు పైపులను, పంపు డయాఫ్రమ్‌ను తినేస్తుంది, తేమను లాగి ట్యాంకును లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది, కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే చిన్న రంధ్రం, అదే జెట్, పాతదే ఉంటే మిశ్రమం పల్చబడి ఇంజిన్ వేడెక్కుతుంది. పైపులు మార్చుకోండి, జెట్ ఒక సైజు పెంచుకోండి అని పాత బండ్ల వాళ్లకు చెప్పిన నాథుడు లేడు.

2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన వాటికే. వీఏ అక్షరాలతో నంబరు, 20 వేల రుసుము, పదేళ్ల గడువు. ఇంజిన్, ఛాసిస్, బాడీ పెద్దగా మారకూడదు, రోజువారీ తిరగకూడదు. 1979లో వచ్చిన అంబాసిడర్ మార్క్ 4 గానీ, ఆ తర్వాతి నోవా గానీ ఇంకా ఆ గీత దాటలేదు. వాటికి మామూలు రీ-రిజిస్ట్రేషనే గతి. దాని రుసుము 2022లో ఐదు వేలైంది, 2025లో 20 ఏళ్లు దాటిన కార్లకు పది వేలు చేశారు. డబ్బు తీసుకుంటున్నారు సరే, పాత బండిని ఎలా పరీక్షించాలో ఇన్‌స్పెక్టర్లకు నేర్పుతున్నారా? అడుగు రేకును వంగి చూసేవాళ్లు అరుదు. మెరిసే రంగుకు ఫిట్‌నెస్ వస్తోంది, రంగు వెలిసినా గట్టిగా ఉన్న బండి తిరుగుముఖం పడుతోంది. 15 ఏళ్లు దాటిన కార్లన్నీ తుక్కుకే అని మీ వ్యాసంలోనూ రాశారు. ఢిల్లీ పరిసరాల్లో పెట్రోల్ కార్లకు 15 ఏళ్ల ఆంక్ష వచ్చింది, 2023 నుంచి ప్రభుత్వ వాహనాలకు దేశమంతటా ఆ గడువు పెట్టారు. మన రెండు రాష్ట్రాల్లో సొంత కారుకు వయసును బట్టి అలాంటి నిషేధం లేదు.

ఒక సంగతి మాత్రం పని మొదలుపెట్టే ప్రతి ఒక్కరికీ మీరు చెప్పి తీరాల్సింది. ఎక్కడా కటింగ్ పెట్టకముందే ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఫొటోలు తీసి, వాటి మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింట్ తీసుకోవాలి. తుప్పుపట్టిందని నంబరున్న రేకును కోసి పారేసినా, దాని మీద మందంగా రంగు కొట్టినా, ఆ బండి కాగితాల మీద చచ్చిపోయినట్టే. ఇంజిన్ మార్చాలంటే ఆర్టీవో అనుమతి ముందే తీసుకుని, బిల్లు చూపి ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి.

ఆటోనగర్లో రేకు పని నిజంగా తెలిసిన మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. అచ్చువేసే ముందు వాళ్లలో ఒక్కరికి చదివి వినిపించి ఉంటే ఈ తప్పుల్లో ఒక్కటీ మిగిలేది కాదు. ఒకప్పుడు వంటనూనెల మీద రాసినా నిపుణుడిని అడిగి రాసేవారు మీ పత్రికలో.

ఆ వ్యాసం చూసి ఈపాటికే ట్యాంకు విప్పినవాళ్లు ఉండి ఉంటారు. మిగతా వాటి మాట తర్వాత, ట్యాంకు వెల్డింగ్ వాక్యానికి సవరణ వచ్చే ఆదివారమే, అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి.

— ఒక పాఠకుడు, పటమట, విజయవాడ